బట్టీకి ముందరి కౌసు

మా అత్తగారిది పిత్త శరీరం. ఈ సంగతి ఫరోక్‌లో మా సందు మొత్తానికి తెలుసు. మా గేటు ముందు ఆటో ఆపి హారన్ కొట్టినవాడికి తెలుసు, మీటరు చూడ్డానికొచ్చి చెప్పులతో అరుగెక్కినవాడికి తెలుసు. నేను పెళ్ళయి వడకర నుంచి వచ్చిన మొదటి వారంలోనే పక్కింటి లీల గోడ మీదుగా నాకు పాఠం చెప్పింది.

"చూడు షైజా, మీ అత్త మనసు మంచిదే. వచ్చిన చిక్కల్లా పిత్తం. చలవ చేసేవి పెట్టుకో, నీ కాపురం చల్లగా ఉంటుంది."

పెట్టాను. పొద్దున్నే ధనియాల నీళ్ళు, ఎండెక్కగానే కొబ్బరినీళ్ళు, మధ్యాహ్నం అన్నంలోకి గడ్డపెరుగు, పడుకోబోయే ముందు అరటిపండు. తలకి చలవనూనె. చేపల పులుసులో మిరియం మానేశాను, కారం సగానికి దించాను. మా ఆయన సజీవన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది పులుసా, చేపలు కడిగిన నీళ్ళా?" అని అడిగాడు. మీ అమ్మ కోసమే అన్నాను. ఏళ్ళు గడిచాయి. చల్లబడింది మా పులుసు ఒక్కటే.

మావైపు ఒకరి ఒంటి తత్వం ఇంకొకరు తేల్చిపారేయడం బస్సులో పక్కవాణ్ణి టైమడిగినంత తేలిక. బక్కగా ఉండి వాగేవాడు వాతం. బొద్దుగా ఉండి కునికేవాడు కఫం. అరిచేవాడు పిత్తం. దీనికి నాడి చూడక్కర్లేదు, గోడ మీదుగా చూస్తే చాలు. వైద్యుడి దగ్గరికి వెళ్ళినా మన తత్వం మనమే చెప్పి, మందొక్కటే ఆయన్ని అడుగుతాం.

ఆవిడ అరుపు మాత్రం మామూలు అరుపు కాదు. పేరు కౌసల్య, అందరికీ కౌసు. పన్నెండేళ్ళు నిండకముందే చాలియార్ ఏటి ఒడ్డున పెంకుల ఫ్యాక్టరీలో చేరింది. బట్టీ మూతి దగ్గర పని. పచ్చి పెంకులు నెత్తిన పెట్టుకుని లోపలికి, కాలిన పెంకులు నెత్తిన పెట్టుకుని బయటికి. మామగారు చిన్నవయసులోనే పోతే ఆ నెత్తి మీది పెంకులతోనే ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆడవాళ్ళకి మంచినీళ్ళ కుండ పెట్టనన్న మేస్త్రీ కాళ్ళ ముందు కాలిన పెంకు విసిరి ముక్కలు చేసిందట. సాయంత్రానికి కుండ వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. గొంతు మాత్రం ఇంకా బట్టీ హోరు మీదుగా వినపడాల్సినంత పెద్దగానే ఉంది.

ఆ గొంతుకి రోజూ ఎదురు నిలబడేది ఒక్కతే, చేపలమ్మే కుంజామిన. అల్యూమినియం బేసిన్ నెత్తిన పెట్టుకుని, పొద్దున్నే మా గేటు దగ్గర దిగేది. మా అత్తగారు చట్టి పట్టుకుని అప్పటికే సిద్ధంగా ఉండేది.

"ఏంటే ఇవి, మత్తి చేపలా, చీపురుపుల్లలా?"

"నీ కళ్ళకి చీపురుపుల్లలే కనపడతాయి. నీ కోడలు ఊడ్చే తీరు చూసి చూసి."

నన్నెందుకు లాగుతారని నేను లోపల్నుంచి అరిచేదాన్ని. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. తిట్టుకుంటూనే చేపలు చట్టిలో పడేవి, తిట్టుకుంటూనే ఓ గుప్పెడు పైన పడేది. వీళ్ళకి ఒకరంటే ఒకరికి పడదని నేను చాలా కాలం అనుకున్నాను.

కిందటేడు విషు పండగ నాడు అసలు భయం మొదలైంది. నేల మీద ఆకులు వేసుకుని భోంచేశాం. అందరం లేచాం, ఆవిడ లేవలేదు. మోకాళ్ళు రెండూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. నేనొక చెయ్యి, సజీవన్ ఒక చెయ్యి పట్టుకుని లేపాం. "నన్నేం శవాన్ని లేపినట్టు లేపుతారు!" అని ఇద్దర్నీ దులిపేసి గదిలోకి పోయింది. పాయసం ఇద్దామని వెళితే గోడవైపు తిరిగి ఏడుస్తోంది. నేను చూశానని ఆవిడకి తెలియకుండా వెనక్కి వచ్చేశాను.

అప్పటినుంచి రోజురోజుకీ బరువెక్కిపోయింది. పొద్దున లేస్తే తల దిమ్ము, గొంతులో కఫం. ఇంగ్లీషు మందు వేసుకున్నన్నాళ్ళు బాగుండేది, ఆపితే మామూలే. కర్కిడకం దగ్గరపడింది. జోరున వాన కురిసే ఆ నెలలో ఒంటికి చేయించే వైద్యం ఏడాదంతా కాపాడుతుందని మా నమ్మకం. "ఈ కర్కిడకం కూడా ఇలాగే పోతే నన్ను మంచం మీంచి నువ్వే ఎత్తి దింపాలి. అంతకంటే చాలియార్‌లో దూకడం నయం," అంది నాతో. అరవలేదు, మామూలుగా అంది. ఆ మర్నాడే ఆవిణ్ణి వైద్యానికి బయల్దేరదీశాను.

చాత్తుణ్ణి వైద్యర్ ఇల్లూ వైద్యశాలా గుట్ట మీద. ఎర్రరాతి మెట్లెక్కాలి. ఆవిడ ప్రతి మలుపులో కూర్చుంటూ, మెట్లు కట్టినవాణ్ణి తిడుతూ ఎక్కింది. వైద్యర్ నెమ్మదైన మనిషి. నాడి చూశారు, నాలుక చూశారు, గోళ్ళు చూశారు, మోకాలు నొక్కి వేలు తీసి ఆ సొట్ట ఎంతసేపుంటుందో చూశారు. ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను.

"పిత్త శరీరం వైద్యరే. చాలా ఏళ్ళుగా చలవే పెడుతున్నాను."

"మీరే చెప్పేశారుగా, ఇక నేనెందుకు?" అని నవ్వారు. ఏమేం పెడుతున్నానో అడిగి తెలుసుకున్నారు. నేను గర్వంగా అన్నీ చెప్పాను. పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఆయన నవ్వు తగ్గింది.

"అరుపు పిత్తంలా ఉందమ్మా, ఒళ్ళు పిత్తంలా లేదు," అన్నారు. "నలభై ఏళ్ళు నిప్పు ముందు నిలబడ్డ మనిషి. పైన కనపడే వేడి పుట్టుకతో వచ్చిందా, బట్టీ ఇచ్చిందా? పుట్టుకతో వచ్చిందైతే నూనెలు పట్టించి చల్లబరచాలి. కాకపోతే పొడులతో ఒళ్ళు రుద్దించి వేడి పుట్టించాలి. ఒకదానికి ఒకటి చేశానంటే ఈ మోకాళ్ళు ఇక నా చేతిలో ఉండవు."

మా అత్తగారు నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. వాళ్ళ నాన్న నాటి నుంచీ అంతే. సందేహం వస్తే, రోగి సొంతంగా కూలి తెచ్చుకోకముందు ఎలా ఉండేవాడో కళ్ళారా చూసినవాళ్ళు ఒకరు వచ్చి చెప్పాలి. రోగి మాట పనికిరాదు. మనిషికి తన చిన్నతనం ఇప్పటి తన మొహంతోనే గుర్తుంటుందని ఆయన అంటారు.

"మీ అమ్మగారో, అన్నదమ్ములో?"

"అందరూ పోయారు," అంది ఆవిడ.

"స్నేహితులు?"

"ఎవరూ లేరు. నేను పుట్టినప్పట్నుంచీ ఇంతే, రాసుకోండి. మా అత్త అనేది, మా ఆయన అనేవాడు, నిప్పు మింగి పుట్టానని. నాకు తెలీదా నా సంగతి?"

వైద్యర్ ఒప్పుకోలేదు. కర్కిడకం మొదటివారం దాకా తన వైద్యశాలలో ఒక మంచం ఖాళీగా ఉంచుతానని, ఎవరినైనా తీసుకురమ్మని అన్నారు. మెట్లు దిగుతుంటే వాన పట్టుకుంది. ఒకే గొడుగు కింద సగం దూరం వచ్చాక ఆవిడ ఆగింది.

"ఒకతి ఉంది, కుంజామిన," అంది, నా మొహం చూడకుండా. "అది రాదు."

ఎందుకు రాదో నాకు తెలుసు. అంతకు రెండు మూడు వారాల ముందే జరిగింది. సముద్రంలో పెద్ద పడవలు వేటకి వెళ్ళకూడని రోజులు. ఎక్కడెక్కడినుంచో ఐసులో చేపలు వస్తాయి, వాటికి తాజాదనం ఎక్కడిది? ఆ పొద్దున మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి ఎక్కువగా ఉంది. చేప వాసన చూసి సందంతా వినేలా అంది, "చేపకే కాదే, నీ ఒంటికీ ఇదే కంపు!"

కుంజామిన జవాబు చెప్పలేదు. ఎన్నడూ జవాబు చెప్పకుండా ఉండని మనిషి. బేసిన్ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి అవతలి సందులోంచి పోయేది. ఆవిడ చేపల కేక వినపడే వేళకి మా అత్తగారు ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళేది. పెరట్లో ఏ పనీ ఉండేది కాదు.

సాయంత్రం నేనే మసీదు వెనకున్న కుంజామిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని తమలపాకు నములుతోంది. చిన్నప్పుడు ఇద్దరివీ ఫ్యాక్టరీ వెనక బంకమట్టి గుంటల దగ్గర పక్కపక్క గుడిసెలని అప్పుడే తెలిసింది. చెప్పాల్సిందంతా చెప్పాను.

"కంపు కొట్టేదాని సాక్ష్యం వైద్యర్‌కెందుకమ్మా?" అంది.

"ఆరోజు నొప్పిలో ఉందత్తా. నోరు జారింది."

"ఆ నోరు రోజూ జారుద్ది, నేనెప్పుడైనా పట్టించుకున్నానా? చేపని తిట్టు, నన్ను తిట్టు, నా తాతని తిట్టు. నా ఒంటి వాసన అందరూ అన్నారు. బస్సులో అన్నారు, ఆస్పత్రిలో అన్నారు. అదొక్కతే ఎన్నడూ అనలేదు." తమలపాకు ఉమ్మేసింది. "నోరారా పిలవమను. వస్తా."

ఇంటికొచ్చి చెప్పాను. మా అత్తగారు మొహం గంటు పెట్టుకుని, "నేను పిలవను. మోకాళ్ళు పోతే పోనీ," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ ఇద్దరే, మధ్యలో నేను చెప్పుల్లా అరిగిపోవాలి. ఆ కోపంలో పులుసులో కారం బాగా దట్టించాను. ఆవిడ ఏమీ అనకుండా రెండోసారి వేయించుకుని తిన్నది. అది కూడా నాకు వింతగానే అనిపించింది.

కర్కిడకం వచ్చింది. వైద్యర్ చెప్పిన గడువు దగ్గరపడింది. ఒక పొద్దున లేచి చూస్తే మంచం ఖాళీ. కంగారుగా బయటికి వచ్చాను. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, గొడుగు కింద, ఒళ్ళో ఖాళీ చట్టి పెట్టుకుని కూర్చుంది. కుర్చీ అంతదూరం ఎలా లాక్కుపోయిందో ఇప్పటికీ నాకు తెలియదు. వాన ధారగా పడుతోంది. అవతలి సందులోంచి "మత్తీ... మత్తీయ్..." అని కేక వచ్చింది.

మా అత్తగారు గుండెల నిండా ఊపిరి తీసుకుంది. ఈ ఇంటికి వచ్చాక అంత గొంతు నేనెన్నడూ వినలేదు.

"ఒసేయ్ కుంజామినా! ఆ చేపలు ఇటు తేవే! ఎట్లాంటివైనా సరే తే! నువ్వు రా!"

అవతలి కేక ఆగిపోయింది. తర్వాత సందు మలుపులో అల్యూమినియం బేసిన్ కనపడింది.

"ఏం, ముక్కు పోయిందా?" అంది కుంజామిన, వచ్చి నిలబడి.

"మోకాళ్ళు పోయాయి."

"పోవాల్సింది ముక్కు." బేసిన్ దించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మా అత్తగారు చట్టి అంచు గోకుతూ, "ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది. నీ మనసు నొచ్చి ఉంటుంది. ఏం చేయను, పుట్టుకతో పిత్తం నాకు," అంది.

"నీకు పిత్తమా!" కుంజామిన పకపకా నవ్వింది. పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, అవి నవ్వు నీళ్ళో ఏ నీళ్ళో. "పిత్తమంట, నీ మొహం! పద, ఆ వైద్యర్ ఎక్కడున్నాడో పద. ముందీ చేపలు లోపల పెట్టమ్మా షైజా, పిల్లి చూస్తోంది."

వైద్యశాల వరండాలో ఆరోజు చాలామంది కూర్చుని ఉన్నారు. వైద్యర్ అడగడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు నిద్ర ఎలా ఉండేది?

"నిద్రా! చాలియార్ పొంగిన ఏడు మా గుడిసెల్లోకి నీళ్ళొస్తే పిల్లలమందరం ఏడుస్తున్నాం. ఇది ఆరబెట్టిన పెంకుల దొంతర మీద పడుకుని గురకపెడుతోంది. వాళ్ళమ్మ చచ్చిపోయిందనుకుని గుండెలు బాదుకుంది."

తిండి?

"నేను తిని, చెయ్యి కడుక్కుని, ఆడుకుని వచ్చినా ఇది మొదటి ముద్ద దగ్గరే ఉండేది. దీని బెల్లంముక్క నేను కాజేస్తే, మిగతా సగం కూడా ఇచ్చి 'ఇది కూడా తీసుకో, కడుపు నిండిందిలే' అనేది. ఇంకోతైతే కొట్టేది."

కోపం వచ్చేదా?

"వైద్యరే, దీని కాలి మీద చీమలు పాకితే దులుపుకునేది కాదు. పాపం, ఇంటికి పోతున్నాయేమో అనేది."

వరండాలో నవ్వులు. మా అత్తగారు ఎర్రబడి, "అబద్ధాలు! నోరు ముయ్యవే," అంది.

పాఠాలు ఆలస్యంగా వచ్చేవని, వచ్చాక మరిచిపోయేది కాదని చెప్పింది. జుట్టు నల్లగా చిక్కగా తాడులా ఉండేదట. తనకొచ్చే కలలేంటో పొద్దున్నే కుంజామినకి చెప్పేదట, ఎప్పుడూ నీళ్ళే, ఏరు, చెరువు, తామరాకులు. వైద్యర్ ఒక్కోదానికీ తలాడిస్తున్నారు. చివరికి, "మరి ఎప్పుడు మారింది?" అని అడిగారు.

కుంజామిన నవ్వు ఆపి, మా అత్తగారి వైపు చూసింది.

"వాళ్ళ నాన్న పోయిన ఏడు. బట్టీ దగ్గరికి పంపారు. అక్కడ ఆ మగాళ్ళు, ఆ మేస్త్రీలు... మెత్తటి పిల్లని బతకనిస్తారా? మొదటి నెలంతా రోజూ రాత్రికి నా పక్కన కూర్చుని ఏడ్చేది. ఆ తర్వాత ఒకరోజు ఏడవలేదు, అరిచింది. అరిస్తే వాళ్ళు దూరం జరిగారంట. ఇక అదే పట్టుకుంది. మా అమ్మ నన్ను చేపల బుట్టతో పంపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ అరిచేదాన్నే. ఇది పిత్తం కాదు వైద్యరే. నెత్తి కాలకుండా పెంకుల కింద చుట్టకుదురు పెట్టుకుంటాం చూడు, అట్లాంటిది. దించడం మర్చిపోయింది, అంతే."

మా అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అంతమందిలో ఆవిడ ఏడవడం నేను చూడలేదెప్పుడూ.

"నిజంగానా?" అంది, చిన్నపిల్లలా. "నేనట్లా ఉండేదాన్నా?"

"ఉండేదానివి."

"నేను పుట్టుకతోనే చెడ్డదాన్ని అనుకున్నానే, కుంజామినా."

కుంజామిన ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి చేపల వాసన వచ్చే ఉంటుంది. మా అత్తగారు ఆ చేతిని తీసుకుని తన చెంపకి ఆనించుకుంది.

వైద్యర్ గొంతు సవరించుకుని నాతో, "కఫ ప్రకృతి. ఇంట్లో పెరుగుకుండ ఉంటే పక్కింటికి ఇచ్చెయ్యమ్మా," అన్నారు.

ఆ నెలంతా పొడులతో ఒళ్ళు రుద్దడం, ఉలవల గంజి, వేడినీళ్ళలో తేనె. నా పులుసులోకి మిరియం తిరిగొచ్చింది. మొదటి ముద్ద తిని మా ఆయన వైద్యశాల ఉన్న గుట్ట వైపు తిరిగి దండం పెట్టాడు. లీల గోడ మీదుగా, "పిత్తానికి మిరియమా!" అని నోరు వెళ్ళబెడితే, పెరుగుకుండ ఆమె చేతిలో పెట్టాను. ఓణం నాడు నేల మీద భోంచేశాక నేను చెయ్యి అందించబోయాను. ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టి, ఒక అరచెయ్యి నేలకి ఆనించి, మెల్లగా లేచి నిలబడింది. నేను వంటింట్లోకి వెళ్ళి నాకు తెలిసిన దేవుళ్ళందరికీ, నాకు తెలియని కుంజామిన దేవుడికి కూడా దండం పెట్టుకున్నాను.

అరుపులు ఆగాయా అంటే, ఆగలేదు. నిన్న కూడా గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడు తిట్లు తిన్నాడు. కానీ ఇప్పుడు ఆవిడ అరుస్తుంటే నాకు భయం వేయదు, కోపం రాదు. ఒక మెత్తటి పిల్ల ఆ నిప్పులోంచి బతికి బయటపడి, కొడుకుని పెంచి నాకిచ్చింది ఆ గొంతుతోనే కదా అనిపిస్తుంది. మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని, తన కాలి మీదికెక్కిన చీమని దులపకుండా చూస్తూ ఉండటం ఒకటి రెండుసార్లు గమనించాను. నేను చూస్తున్నానని తెలిస్తే దులిపేస్తుంది.

ఈ ఏడు కర్కిడకంలో కుంజామినకి ఆయాసం పట్టుకుంది. బేసిన్ మోయలేకపోతోంది. ఈసారి గుట్ట మెట్లు ఆగి ఆగి ఎక్కింది ఆవిడ. మా అత్తగారు ఒక మలుపు ముందే ఎక్కేసి, "ఏంటే, ఐసులో పెట్టిన చేపలా బిగుసుకుపోయావ్, రా!" అని పైనుంచి కేకలు. వైద్యర్ నాడి చూసి, కుంజామినని అడిగారు, "చిన్నప్పుడు మీ నిద్ర ఎలా ఉండేదమ్మా?"

కుంజామిన చెప్పడానికి నోరు తెరిచింది.

"నువ్వాగు," అంది మా అత్తగారు, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. "అది నేను చెప్పాలి."